కుట్టుపిట్టకు నూలు పోగు

పొద్దున టీ పెడుతుంటే కిటికీ అవతల వంకాయ మొక్కల్లోంచి "టువీ, టువీ" అని అదే కేక. బొటనవేలంత కుట్టుపిట్టకు అంత గొంతు ఎక్కడిదో, గల్లీ అంతా తనదే అన్నట్టు అరుస్తుంది. ఆకుపచ్చ వీపు, ఇటుకరంగు నెత్తి, నిక్కిన తోక. దాన్ని నాకు చూపించింది పక్కింటి నర్సవ్వత్త.

నేను కోడలిగా ఈ మరమగ్గాల ఊరికి వచ్చిన కొత్తలో, అత్త తన అరుగు మీద కూర్చోబెట్టి నాకు రాట్నం మీద నూలు కండెలు చుట్టడం నేర్పింది. రోజూ మిగిలిన నూలు ముక్కలను గోడ మీద పెట్టేది. "గీ పోగులెవలికి అత్తా?" అంటే "మనకన్న పనిమంతురాలికి" అని నవ్వి, వంకాయ మొక్క దగ్గరికి తీసుకుపోయింది. పిట్ట ఒక వెడల్పాటి ఆకును సంచిలా మడిచి, అంచులను ముక్కుతో పొడిచి, పోగు దూర్చి లాగుతోంది. సూది లేదు, ముడి లేదు.

మరుసటి ఏడు అత్త తన కూతురి కాన్పుకు మంథని పోయింది. పోగులు పెట్టే పని నా మీద పడింది. పిట్టకు మంచివి పెడదామని, మగ్గాల దగ్గరి తళతళలాడే పాలిస్టర్ పోగులు ఏరి పెట్టాను. అది తీసుకుపోతుంటే మురిసిపోయాను. అత్త తిరిగొచ్చిన రోజే చూశాం: కుట్లు జారి ఆకు నోరు తెరిచింది. ఒక గుడ్డు మట్టిలో పగిలి ఉంది. రెండు అంచున ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"పాలిస్టర్ పెట్టినవా పిల్లా? అది మెరుస్తది గని ఆగది. మనమైతే ముడేస్తం, దానికి చేతులున్నయా? నూలైతే కొస ఉబ్బి ఆకు బొక్కల ఇరుక్కుంటది."

"నేను కుట్టనా అత్తా?"

"చెయ్యి పెట్టకు, బెదిరి ఇడిసిపోతది. నూలు పెట్టి, జర ఎనుకకు జరుగు."

ఇద్దరం తలుపు వెనక కూర్చున్నాం. ఎన్నడూ ఆగని అత్త రాట్నం ఆ పూట ఆగింది. చాలాసేపటికి పిట్ట వచ్చింది. గోడ మీది నూలు పోగు అందుకుంది. ఒక కుట్టు, రెండు, మూడు. ఆకు మెల్లగా మూసుకుంది. "సూడు, నువ్వింక ఏడుస్తనే ఉన్నవు, అది మల్ల కుట్టుకుంటున్నది" అంది అత్త. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి. ఆ గూట్లోంచి రెండు పిల్లలు ఎగిరాయి.

అత్త పోయి మూడేళ్లు. ఇప్పుడు మా గల్లీ మగ్గాల మీద అంతా పాలిస్టరే. అందుకే ఈ పొద్దున కేక వినగానే టీ దించి, అత్త నాకిచ్చిన పాత నూలు చీర అంచు నుంచి నాలుగు పోగులు లాగాను. గోడ మీద పెట్టి, తలుపు వెనక్కి జరిగాను.