ఒలిచినోళ్లకే బొబ్బర కూర

మా గోడ అవతలి పెద్దమ్మ పోయింది. దవాఖానా నుంచి ఆ రోజు ఇంటికొస్తుందని నేను ఆమె వాకిట్లో నీళ్లు చల్లుతున్నాను. మా ఇంట్లో ఫోన్ మోగింది. "అక్కా, అమ్మ లేదు" అన్నాడు ఆమె కొడుకు. ఫోన్ పెట్టేసి, మళ్లీ వెళ్లి మిగిలిన వాకిలి కూడా తడిపాను. సగం పనంటే ఆమెకు ఒళ్లు మంట.

మాకు చుట్టరికమేమీ లేదు. బొగ్గుగని క్వార్టర్లలో మా రెండిళ్లకూ ఒకటే గోడ. తల్లాడ దగ్గరి పల్లె నుంచి పెనిమిటి ఉద్యోగం వెంట వచ్చిన మనిషి ఆమె. గని వచ్చినా, క్వార్టర్ వచ్చినా, ఎండాకాలం పచ్చి బొబ్బరకాయలు మాత్రం వదల్లేదు. ములకలపల్లి పక్కన బోరు కింద బొబ్బర వేసే రైతు ఒకాయన మొదటి బస్సు మీద బస్తా వేసి పంపేవాడు. ఆ బస్తా వరండాలో గుమ్మరించాక గేటు తీసినవాళ్లెవరైనా సరే, కూర్చుని ఒలవాల్సిందే. "ఒలిచినోళ్లకే కూర" అనేది. పాలాయనైనా అంతే, కరెంటు మీటరు చూసేవాడైనా అంతే. ఒకసారి మా చర్చి అయ్యగారు "ప్రార్థన చేసి పోదామని వచ్చానమ్మా" అన్నారు.

"ప్రార్థన నోటితోటి గద అయ్యగారూ, చేతులు ఖాళీగనే ఉన్నయి గద!" అని ఆయన ఒళ్లో దోసెడు కాయలు పోసింది. పాపం, కీర్తన పాడుతూనే ఒలిచారు.

వంటంతా బయట బొగ్గుల పొయ్యి మీదే. ముందు గింజ ఒక్కటే మెత్తగా ఉడకాలి. ఉప్పు, మామిడికాయ ముక్కలు ఆ తర్వాతే. నేను తొందరపడితే చేయి పట్టుకుని ఆపేది. "పులుపు ముందే తగిలితే గింజ మొండికేస్తదే, అచ్చం నా లెక్క" అని నవ్వేది. చివర్లో వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు పడితే ఆ వాసనకు మా వరస క్వార్టర్లన్నీ గిన్నెలు పట్టుకుని లేచేవి.

ఒకసారి చర్చి విందుకు కూడా అదే కూర మోసుకొచ్చింది. "పెద్దమ్మా, మటన్ పక్కన ఈ గుడాలేంది?" అని మూతి విరిచింది ఒకావిడ. "ఉడకబెట్టిన గింజలని అలుసా? జర ఆగు బిడ్డా, ఎవల గిన్నె ముందు అడుగంటుతదో చూద్దం" అంది పెద్దమ్మ. ఏమైందో నేను చెప్పక్కర్లేదు. ఇంటికెళ్లేటప్పుడు ఖాళీ గిన్నె ఊపుకుంటూ నడిచింది.

చివరిసారి దవాఖానాలో నా చేయి గట్టిగా పట్టుకుంది. "నేను పోయినంక పెట్టే ఆదరణ కూడిక నాడు బిర్యానీ పెట్టిండ్రంటే లేచొస్త. బొబ్బర కూర పెట్టాలె. గది గూడ ఒలిచినోళ్లకే." నేను మాటిచ్చాను.

కొడుకేమో బిర్యానీకి ఆర్డర్ ఇచ్చేశాడు. "ఖమ్మం నుంచి చుట్టాలొస్తరక్కా. గుడాలు పెడితే ఇజ్జత్ ఏముంటది?"

నాకు కోపం నషాళానికి అంటింది. "ఇజ్జత్ బిర్యానీల ఉన్నదా తమ్మీ? మీ అమ్మ మాటల లేదా?" అన్నాను. తల తిప్పుకుని వెళ్లిపోయాడు. పోతే పోనీ. ములకలపల్లి రైతుకు కబురు పెట్టాను. కూడిక నాటి పొద్దున్నే బస్తా దిగింది. దాన్ని మోసుకెళ్లి ఆమె వరండాలోనే గుమ్మరించాను.

"అక్కా, బంద్ చెయ్. ఇంటి నిండ మంది ఉన్నరు" అన్నాడు కొడుకు.

"నీ బిర్యానీ నువ్వు పెట్టుకో, ఎవరొద్దన్నరు? మేం ఒలుచుకుంటం."

ముందు మా క్వార్టర్ల ఆడవాళ్లు కూర్చున్నారు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, అయ్యగారు వచ్చి కూర్చున్నారు. ఇక ఖమ్మం చుట్టాలు నిలబడి ఎంతసేపు చూస్తారు? తెల్లచీరల కొంగులు దోపుకుని వాళ్లూ చేతులు పెట్టారు. పొయ్యి రాజేశాను. మామిడికాయ చివరే వేశాను.

ప్రార్థన అయ్యి వడ్డన మొదలయ్యాక కొడుకూ పళ్లెంతో నా ముందుకు వచ్చాడు. బిర్యానీ డేగిశా వైపు కాదు, నా వైపు. గరిటె ఎత్తలేదు నేను. "ఒలిచినవా?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. అయినా మాట మాటే.

పళ్లెం పక్కన పెట్టి, వాళ్లమ్మ పీట మీద కూర్చున్నాడు. బస్తా అడుగున మిగిలిన కాయలు ముందుకు లాక్కున్నాడు. మొదటి కాయ నలిగింది. రెండోదీ నలిగింది. ఆ తర్వాత బొటనవేలు ఈనె వెంట తిన్నగా జారింది, అచ్చం ఆమె వేలు జారినట్టు.

నేను ఇటు వడ్డిస్తూనే ఉన్నాను. చూస్తూండగానే గిన్నె అడుగు కనిపించింది.

"కూర అయిపోయింది తమ్మీ."

"తెల్సక్కా" అన్నాడు, తల ఎత్తకుండా. ఇంకో కాయ తీసుకున్నాడు.