ఒకే కాలువ మీద

ఈ పొద్దున పిల్లకాలువలో పూడు తీస్తుంటే పచ్చి మట్టి వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలిందంటే నాకు సుబ్బలక్ష్మి మేడం గుర్తొస్తారు. ప్రొద్దుటూరులో మా బడికి ఇంగ్లీషు టీచరు. బట్టల కొట్టువాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి, పొలం గట్టు ఎక్కి ఎరగరు.

మా ఊరు చాపాడు దగ్గర. మా పొలమూ, బళ్లో నాతో చదివిన సరళవాళ్ల పొలమూ ఒకే పిల్లకాలువకు అటూ ఇటూ ఉంటాయి. నీళ్లు వదిలే ముందు ఎదురెదురు పొలాలవాళ్లు కలిసి పూడు తీయాలన్నది మా వైపు కట్టుబాటు. మేడం మాకు పాఠాలు చెప్పిన ఏడు గట్టు తగాదా వచ్చి మా నాయనా, సరళ నాయనా మాటలు మానేశారు. ముందు నువ్వు దిగు అంటే నువ్వు దిగు అని ఇద్దరూ పంతం పట్టారు. నీళ్లు పైనే ఆగిపోయాయి. రెండిళ్ల నారూ ఎండిపోసాగింది.

అప్పుడే పాఠంలో రైవల్ అనే మాట వచ్చింది. అర్థం అడిగితే సరళ వైపు చూస్తూ "శత్రువు" అన్నాను.

"తొందరపడొద్దు పాపా," అన్నారు మేడం. "లాటిన్‌లో రీవుస్ అంటే ఏరు, కాలువ. ఒకే కాలువ నీళ్లు వాడుకునేటోళ్లను రీవాలిస్ అనేవాళ్లు. అదే పోటీదారు అనే అర్థంతో ఇంగ్లీషులోకి వచ్చింది. మీ ఇద్దరి కాలువ ఎట్లుంది?"

"పూడిపోయింది మేడం," అంది సరళ.

"ఎవరు తీయాల?"

"వాళ్లు," అన్నాం ఇద్దరం ఒక్కసారే. క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు.

ఆ ఆదివారం ఆమె మా ఊళ్లో బస్సు దిగారు. మా అమ్మనడిగి పార తీసుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపి కాలువలో దిగారు. కాసేపటికే అరచేతులు బొబ్బలెక్కాయి. ఊరు ఊరంతా గట్టు మీద చేరింది.

"ఏంది మేడమ్మా, నీకు ఈడేం పని? పైకి రా," అన్నాడు నాయన.

"మీరిద్దరూ దిగితే నేనొస్తా అన్నా. ఒకే కాలువ నీళ్లు వాడుకునేటోళ్లని పిల్లోళ్లకు ఒక మాటకు అర్థం చెప్పినా. అది అబద్ధం కాకూడదు."

ఎవరు ముందు దిగారంటే ఈనాటికీ రెండిళ్లూ మావాళ్లే అంటాయి. నారు మాత్రం బతికింది. ఆమె మా టీచరని ఆ రోజు కలిగిన గర్వం నాలో ఇప్పటికీ పిసరంత తగ్గలేదు.

మొన్న కాలువ సంఘం ప్రెసిడెంటు ఎన్నికల్లో నా మీద నిలబడింది సరళే. ఇంటింటికీ తిరిగి నన్ను ఏకిపారేసింది. గెలిచింది నేను. ఈ పొద్దున పార పట్టుకుని నేను వెళ్లేసరికి సరళ అప్పటికే మోకాలి లోతు బురదలో ఉంది.

"ఏంది ప్రెసిడెంటూ, ఇంతసేపా? దిగు," అంది.