నాలుగో పేజీలో విందు

ఆ రోజుల్లో, అంటే మరీ రాజుల కాలం కాదు లెండి, అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చి, దారి అడగడానికి మనుషులతో మాట్లాడడం జనం కొత్తగా మానేసిన రోజుల్లో, నేను నిజామాబాద్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లి కార్డులు తయారు చేసేదాన్ని. నాకప్పుడు ఇరవై ఒక్కేళ్లు. నాకు రాని పని లేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకు తప్ప ఊళ్లో ఇంకెవరికీ లేదు. మా అవ్వ (కన్నతల్లిని మా ఇంట్లో అట్లాగే పిలుస్తాం) బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, "నా చేతిల తప్పు పడితే ఒక్క బీడీనే పోతది. నీ చేతిల తప్పు పడితే వెయ్యి కార్డులు పోతయి. జర నిమ్మలంగ చెయ్యి బిడ్డా" అనేది. నిమ్మళమే ఉంటే నేను ఈ కథ చెప్పే అవసరం ఉండేది కాదు.

మా పనిలో ఒక అలవాటుంది. ఏ కార్డూ మొదటి నుంచీ తయారు చేయం. పాత ఫైలు తెరిచి, పాత పేర్లు చెరిపి, కొత్తవి కొడతాం. చెరపడం మరిచిపోయినప్పుడే చిక్కంతా. ఒకసారి నేను ఒక పెద్దాయన దశదినకర్మ కార్డు మీద పెళ్లి కార్డు తాలూకు చిలకల జంటను వదిలేశాను, ముక్కూ ముక్కూ ఆనించుకుని సిగ్గుపడుతున్నవి. ఆ ఇంటివాళ్లు దేవుడిలాంటి మనుషులు. తాతకు చిలకలంటే ఇష్టమేలే అని సరిపెట్టుకున్నారు. మా ఓనరన్న మాత్రం సరిపెట్టుకోలేదు. "ఇంకొక్క తప్పొచ్చిందనుకో, గదే ఆఖరి. సీదా ఇంటికి పోవుడే" అన్నాడు. ఇంటికి పోతే ఏముందో నాకు తెలుసు. మా అవ్వ చాట పక్కన నా కోసం ఇంకో చాట గోడకు ఆనించి సిద్ధంగా ఉంది.

సరిగ్గా అప్పుడే లెక్కల సారు ప్రెస్‌కు వచ్చారు. బడిలో నాకు లెక్కలు చెప్పిన ఆయనే. రిటైరయ్యాక మెడలో దుర్భిణి వేసుకుని, స్కూటర్ మీద బోధన్, కోటగిరి, వర్ని వైపు చెరువులన్నీ తిరుగుతూ పిట్టలు చూసేవారు. (పిట్టను చూడ్డానికి ఊరు దాటిపోవడమంటే మాకు దసరా నాడు పాలపిట్ట కోసమే. మిగతా సంవత్సరమంతా పోయే మనిషిని చూస్తే జనం కాస్త జాలిపడేవాళ్లు.) ఆయన చేతిలో నోట్‌బుక్ ఉంది. అందులో ఎనిమిది చోట్లు. ఎక్కడ దిగాలి, ఏ గట్టు మీద నిలబడితే పొద్దున ఎండ కళ్లలో పడదు, కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఎవరి పొలంలోంచి పోవాలంటే ఎవరిని అడగాలి, చాయ్ ఎక్కడ దొరుకుతుంది, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చారు. జేబులో పట్టే పుస్తకం కావాలన్నారు.

"ఫోన్ల పిట్ట బొమ్మ దొరుకుతది బిడ్డా. పిట్ట కాడికి పోయే తొవ్వ దొరకది" అన్నారు. ఆ మాటలో కొంచెం ఉక్రోషం ఉంది. వచ్చే ఆదివారం హైదరాబాద్ నుంచి పిట్టలు చూసేవాళ్ల బృందం ఒకటి వస్తోందట. వాళ్లలో పెద్దాయన, "పుస్తకం ఎందుకు సార్, లొకేషన్ పెట్టండి చాలు" అన్నాడట. సారు పాతికేళ్ల తిరుగుడు ఒక్క మాటతో తేలిపోయింది. "వాళ్ల చేతిల పుస్తకం పెట్టి చూపిస్త. నాకు గీ ఒక్క పని చేసిపెట్టు" అన్నారు. లెక్కల్లో నాకు ఎప్పుడూ మంచి మార్కులు వేయని మనిషి నన్ను బతిమాలుతుంటే నేను పొంగిపోయి, ప్రాణం పెట్టి చేస్తానని చెప్పాను.

ప్రాణం పెట్టే చేశాను. చిక్కొచ్చిందల్లా నాలుగో చోటు దగ్గర. అది చందూరు దాటాక కాలువ అవతల ఉన్న చెరువు. చలికాలంలో తల మీద రెండు నల్ల పట్టీలుండే బాతులు హిమాలయాలు దాటి వచ్చి దిగేది అక్కడేనని, ఈ పుస్తకానికి అదే గుండెకాయ అని సారు చెప్పారు. అక్కడికి దారి మాత్రం తూములు, మలుపులు, గట్లతో పేగుల్లా చిక్కుపడి ఉంది. మ్యాపు గీయాలి. నా అదృష్టం కొద్దీ (అప్పుడు అలాగే అనుకున్నాను) అంతకు నెల ముందు ఆ చెరువు ముందున్న ఇంటివాళ్లకే నేను పెళ్లి కార్డు చేసి ఉన్నాను. కార్డు వెనక దారి మ్యాపు ఉంది. పెళ్లి కార్డు మ్యాపు అంటే ఆషామాషీ కాదు. ఎప్పుడూ ఊరు చూడని ముసలమ్మలను బస్సు దింపి పందిట్లోకి చేర్చాలి. వర్ని సెంటరు, మూడో తూము, విరిగిన మైలురాయి, నీలం గేటు, అన్నీ ఉన్నాయి. పాత ఫైలు తెరిచి, పెళ్లికొడుకు పేరు చెరిపి, పెళ్లికూతురు పేరు చెరిపి, మ్యాపును నాలుగో పేజీలో దించాను. సారు ప్రూఫు చూశారు. ప్రతి పిట్ట పేరు కింద స్కేలు పెట్టి చదివారు. మ్యాపు దగ్గరకు వచ్చేసరికి మురిసిపోయి, కాగితాన్ని కళ్లకద్దుకుని, దాని కిందికి చూడకుండానే పేజీ తిప్పేశారు.

ఆదివారం పొద్దున్నే సారు నన్ను కూడా వ్యాన్‌లో ఎక్కించుకున్నారు. "పుస్తకం జేసిన బిడ్డ" అని హైదరాబాద్ వాళ్లకు పరిచయం చేశారు. పన్నెండు మంది, ఒక్కొక్కరి మెడలో మా ఓనరన్న స్కూటర్ కంటే ఖరీదైన కెమెరా. పుస్తకాలు పంచితే మర్యాదగా తీసుకుని, మర్యాదగా సంచుల్లో పెట్టేశారు. వ్యాన్ బోధన్ దాటింది. రెండు వైపులా చెరుకు, నాట్లు వేస్తున్న మళ్లు, చల్లగాలి. నా చేతిపనిని నేనే మెచ్చుకుందామని పుస్తకం తీసి నాలుగో పేజీ తిప్పాను. మ్యాపు ఎంత బాగుందో. దాని కింద చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "విందు: మధ్యాహ్నం 12 గంటల నుండి. తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేయ ప్రార్థన."

గోడకు ఆనించిన చాట కళ్ల ముందు కనిపించింది. లేచి, "అన్నా, గా పుస్తకాలు జర వాపస్ ఇయ్యండ్రి, కుట్లు లూజ్ ఉన్నయి" అని వ్యాన్‌లో అందరినీ అడగడం మొదలుపెట్టాను. పర్వాలేదమ్మా అన్నారు. ఇంక బతిమాలేలోపే వ్యాన్ ఆగిపోయింది.

ఫోనులో దారి చెప్పే ఆవిడ మాట నమ్మి డ్రైవరు వ్యాన్‌ను కాలువ గట్టెక్కించాడు. ముందు చెరుకు బండి అడ్డం, పక్కన కాలువ, దాటడానికి వంతెన లేదు. చెరువు మాత్రం అవతల తళతళ మెరుస్తోంది. ఫోనులో ఆవిడ, మీరు గమ్యం చేరుకున్నారు అని చెప్పి, సిగ్నల్‌తో సహా మాయమైపోయింది. బృందం పెద్దాయన ఫోన్‌ను ఆకాశానికి ఎత్తి పట్టుకుని నాలుగు దిక్కులా తిరిగాడు. సారు దుర్భిణి అద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. చివరికి ఆ పెద్దాయనే గొంతు సవరించుకుని, "సార్, మీ బుక్కులో ఏమైనా ఉందా?" అన్నాడు.

సారు ముఖం అప్పుడు చూడాలి. వ్యాన్ మధ్యలో నిలబడి, నాలుగో పేజీ తీసి, బడిలో ఎక్కం చెప్పించినంత గట్టిగా చదివారు. "ఎనుకకు మళ్లి మూడో తూము. తూము దాటంగనే విరిగిన మైలురాయి. అక్కడ ఎడమకు. నీలం గేటు." డ్రైవరు చదివినట్టే నడిపాడు. తూము వచ్చింది. మైలురాయి వచ్చింది. మైలురాయి కనబడగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో సారు ఆగకుండా కింది వరుస కూడా చదివేశారు. సకుటుంబ సపరివార సమేతముగా దగ్గర ఆయన గొంతు నెమ్మదించింది. అద్దాల పైనుంచి నా వైపు చూశారు. "బిడ్డా, బువ్వ ఇంతెజాం గూడ చేసినవా?"

తప్పయింది సార్ అంటే సరిపోయేది. కానీ పదమూడు జతల కళ్లు నా మీద ఉన్నాయి, ఆయన ముఖం ఇంకా వెలుగుతూనే ఉంది. "ఔ సార్" అన్నాను.

వాళ్లంతా చెరువు గట్టెక్కగానే నేను పరుగున నీలం గేటు తోసుకుని లోపలికి పోయాను. ఆ పెళ్లి ఇంటివాళ్ల పెద్దలు ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్నారు. ఇంటావిడ అరుగు మీద కందులు చెరుగుతోంది. నేను పుస్తకం చేతిలో పెట్టి, చిలకల జంట దగ్గర్నుంచి మొత్తం గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. "ఒక్క పన్నెండు దాటేదాకా దాక్కునే చోటు చూపించండమ్మా, తర్వాత బస్సెక్కి పోత" అని కూడా అన్నాను.

ఆవిడ తాపీగా ఆ వరుస చదివింది. "అయితే మా ఇంట్లో విందని అచ్చేశావన్నమాట."

"పొరపాటైందమ్మా."

"పెళ్లి కార్డు చేసిందీ నువ్వేనా? ఆ మ్యాపు చూసుకుని మా గుంటూరు చుట్టాలు ఒక్కరు కూడా తప్పిపోలేదమ్మాయ్. సరే, అచ్చేసి పిలిచాక వచ్చినవాళ్లను పస్తు పంపిస్తే మా ఇంటి పరువేం కాను? ఎంతమంది?"

"డ్రైవరుతోని పదిహేను."

"ఓస్, అంతేనా! ఆ ఉల్లిపాయలందుకో. నన్ను పిన్నీ అను, అమ్మా గిమ్మా ఏంటి?"

ఆ రోజు నేను తరిగినన్ని ఉల్లిపాయలు మళ్లీ జన్మలో తరగలేదు. బయట గట్టు మీద జనం ఊపిరి బిగబట్టి బాతులను చూస్తున్నారు. నేను పొయ్యి ముందు కూర్చుని ముక్కు తుడుచుకుంటున్నాను. ఒకసారి ఇంటి మీదుగా పెద్ద చప్పుడైంది. "అదిగోనమ్మా, మీ బాతులు!" అని పిన్ని నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. కళ్లనిండా నీళ్లు. హిమాలయాలు దాటి వచ్చిన పిట్టలు నాకు ఒక మసక మరకలా కనిపించి పోయాయి.

పన్నెండు కొట్టేసరికి అరిటాకులు పరిచారు. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగు. బృందం పెద్దాయన మూడోసారి గోంగూర అడిగి, "సార్, ఇది ఏ యాప్‌లోనూ లేదు" అన్నాడు. సారుకు నవ్వి నవ్వి పొలమారింది. అంతా సుఖంగా గడిచిపోతుందనుకుంటుండగా పిన్ని నెయ్యి వడ్డిస్తూ, "ఈసారి అచ్చేసేముందు ఒక్క మాట చెప్పమ్మాయ్, స్వీటు కూడా చేస్తాను" అంది. పంక్తి మొత్తం ఆగిపోయింది. నేను ఆకు వైపే చూస్తూ కూర్చున్నాను. సారు కాసేపు నన్ను చూసి, "లెక్క తప్పినవ్ గని, జవాబు కరెక్టొచ్చింది" అని మళ్లీ పప్పు కలుపుకోవడంలో పడ్డారు. బడిలో ఆయన అలా ఒక్కనాడు కూడా ఒప్పుకోలేదు.

సోమవారం నేనే పోయి ఓనరన్నకు చెప్పేశాను. ఆయన నాలుగో పేజీ చదివి, పళ్లు కొరికి, ఏదో అనబోయేంతలో హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఇంకో వంద పుస్తకాలు కావాలట. "నాలుగో పేజీ గట్లనే ఉండాల్నట" అన్నాడు ఫోన్ పెట్టేసి, తల గోక్కుంటూ. "తప్పు కూడ ఆర్డరిస్తరా వీళ్లు?" నా చాట ఇంకొన్నాళ్లు గోడకే ఉండిపోయింది.

ఇప్పుడా ప్రెస్‌లో ఓనరన్న తర్వాత మాట నాదే. ముక్కు మీద అద్దాలొచ్చాయి, ఏ ప్రూఫైనా మూడుసార్లు చదువుతాను. సారుకు చూపు బాగా తగ్గింది. పిట్టలను గొంతును బట్టి గుర్తుపడుతున్నారు. మొన్న పుస్తకం మళ్లీ అచ్చు వేస్తూ ప్రూఫు ఆయనకు చదివి వినిపించాను. ఇన్నేళ్ల తర్వాతైనా ఒక్క తప్పు లేని పుస్తకం తేవాలని నా పంతం. నాలుగో పేజీ కింది వరుస తీసేశాను. నీలం గేటు దాకా చదివి ఐదో పేజీ తిప్పాను. సారు చెయ్యి ఎత్తారు. "ఒక లైను మింగినవ్" అన్నారు.

ఇంక ఏం చేస్తాను? ఆ వరుస మళ్లీ కొట్టాను. ఈసారి మాత్రం బుద్ధిగా, అచ్చుకు పోకముందే పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. "ఎన్ని పుస్తకాలమ్మాయ్?" అంది. "ఐదువందలు పిన్నీ" అన్నాను. అవతల ఏదో గొణుగుతూ లెక్కపెట్టుకుంది. తర్వాత, "అందరూ ఒకే రోజు రారు కదా?" అంది.

రారు పిన్నీ అని చెప్పి ఫోన్ పెట్టేసి, అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాను. ఈసారి పక్కన ఉల్లిపాయలు కూడా లేవు.