వాసనొచ్చిన మాంసం వండనన్నది మా రజిత

నిన్న మధ్యాహ్నం, రజితతో పనిచేసే జోగమ్మ ఫోన్ చేసింది. "అక్కా, రజితక్క పోయింది" అంది.

ఎక్కడికి పోయిందని అడిగాను.

నిజంగా అలాగే అడిగాను. అర్థం కాలేదు.

"సచ్చిపోయిందక్కా. కత్తితోని నరికిండు" అంటూ అవతల బావురుమంది.

చేతిలో ఉన్న ఫోన్‌ను గోడకేసి కొట్టాను. ఆ పగిలిన స్క్రీన్ మీదే ఇది టైప్ చేస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

రజిత మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బోనకల్ దగ్గర పత్తి, మిర్చి పండించే ఇంటి పిల్ల. ఖమ్మంలో నాతో హోటల్ మేనేజ్‌మెంట్ చదివింది. ఇద్దరం ఒకే క్రూయిజ్ షిప్‌లో కిచెన్ ఉద్యోగానికి ఎక్కాం.

షిప్ ఫుడ్ అంటే అందరికీ పై డెక్ మీద బఫే ఫోటోలే గుర్తొస్తాయి. పుచ్చకాయతో చెక్కిన నెమళ్లు, వరుసగా కేకులు. అవన్నీ మేం చేసి పైకి పంపేవాళ్లం.

మేం తినేది కింద, ఇంజిన్ చప్పుడులో. నిన్నటి అన్నం. మొన్నటి చేప.

ఒకసారి ఆ చేప తిని, అంట్లు తోమే ఒక పెద్దాయన వాంతులు చేసుకుంటూ నేల మీద పడిపోయాడు. మర్నాడు అదే చేపను మళ్లీ వేడి చేసి మా ముందు పెట్టారు.

రజిత తన ప్లేటు తీసుకెళ్లి సూపర్‌వైజర్ ముందు పెట్టింది. ముందు నువ్వొక ముద్ద తిను, తర్వాత మేమంతా తింటామని ఇంగ్లీషులో చెప్పింది.

అతను ఆ ప్లేటు ఎత్తి ఆమె ముఖం మీద కొట్టాడు.

పింగాణీ పగిలి కనుబొమ్మ చీలింది. రక్తం కంట్లోకి కారుతుండగానే రజిత స్టీల్ ట్రే అందుకుని అతని మూతి పగలగొట్టింది. పన్ను ఊడి కింద పడింది. అతను ఆమె జుట్టు పట్టుకుని తలను గోడకేసి బాదుతున్నాడు. నేను వెళ్లి అతని చెయ్యి కొరికాను. వదిలేదాకా కొరికాను. నోరంతా ఉప్పగా రక్తం.

తర్వాతి పోర్టులో రజితను దింపేశారు. నాకు వార్నింగ్ ఇచ్చి ఉంచారు.

దిగేటప్పుడు నేను ఏడుస్తుంటే, కుట్లు పడిన కనుబొమ్మతో నవ్వింది. "ఏందే ఏడుస్తున్నవ్? రేపటి సంది మంచి తిండి పెడ్తరు, సూడు."

పెట్టారు. కెప్టెన్ కిందికొచ్చి మా బల్ల దగ్గరే కూర్చుని తిన్నాడు. ఆ రోజు నేను తినకుండానే లేచాను.

ఇంటికొచ్చాక రజిత భద్రాచలం అవతల, గోదావరిలో టూరిస్టులను తిప్పే బోటులో వంట చూసుకునేది. కూరగాయలు తరగడానికి అడవి పక్క ఊరి నుంచి జోగమ్మ వచ్చేది.

పోయినేడాది నేనూ ఆ బోటు ఎక్కాను. వేడి అన్నం, గోంగూర పప్పు, చికెన్ పులుసు. టూరిస్టులకు వడ్డించిన గిన్నెలోంచే బోటు నడిపే సరంగుకీ, జోగమ్మకీ పెట్టింది. ఓనర్ గొణిగితే ఒకటే మాట. "వేరే గిన్నె తెస్తే గోదాట్ల పడేస్త."

నిన్న పొద్దున చికెన్ సప్లై చేసేవాడు రెండు క్రేట్లు దింపాడు. వాసన తెలియకుండా పసుపు పట్టించి తెచ్చాడట. రజిత ఒక ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏందన్నా, గిది మొన్నటిదా?"

"మసాలా గట్టిగ కొట్టు. ఎవనికి తెలుస్తది?"

"నీ పిల్లలకు పెడ్తవా?"

రజిత రెండు క్రేట్లూ ఎత్తి ఒడ్డు మీద బురదలో కుమ్మరించింది.

వాడు చెంప మీద కొట్టాడు. ఆమె చేతిలో ఉన్న పెద్ద గరిటెతో వాడి చెవి మీద కొట్టింది. బోటు ఎక్కడానికి నిలబడ్డ జనంలో ఎవరో నవ్వారట. వాడు తన ఆటో దగ్గరికి వెళ్లి మాంసం కొట్టే కత్తి తీసుకుని వచ్చాడు.

మొదటి వేటుకు రజిత చెయ్యి అడ్డం పెట్టింది. రెండో వేటు మెడ మీద పడింది.

జోగమ్మ తన చీర కొంగును గాయంలోకి కుక్కి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది. సరంగు వాళ్లిద్దరినీ వేరే ఆటోలో ఎక్కించాడు. దవాఖానా గేటు కనబడేటప్పటికే అంతా అయిపోయింది.

ఏమైనా మాట్లాడిందా అని జోగమ్మను అడిగాను.

"మాట్లాడింది అక్కా. 'ఎవరన్న తిన్నరా?' అన్నది. 'లేదక్కా, ఎవ్వరు తినలే' అన్న. గంతే."

జనం వాడిని పట్టుకుని రాళ్లతో కొట్టారు. పోలీసులొచ్చి ప్రాణాలతో లాక్కెళ్లారు. ఇంకా కొట్టాల్సింది అనిపించింది నాకు. ఇప్పటికీ అదే అనిపిస్తోంది. నివాళిలో ఇలాంటి మాట రాయకూడదేమో. కానీ నా లోపల ఇప్పుడు ఇదే ఉంది.

చికెన్ కోసం ప్రాణం పోగొట్టుకుందా అని నిన్నటి నుంచి గ్రూపుల్లో రాస్తున్నారు.

ఆ బోటు ఎక్కడానికి వచ్చినవాళ్లలో చంకన పిల్లలున్న తల్లులు ఉన్నారు. వాళ్లంతా రాత్రి క్షేమంగా ఇళ్లకు చేరి ఉంటారు. మీరు రాసేటప్పుడు అది కూడా రాయండి.

ఈ సాయంత్రం బోనకల్‌లో దహనం. నేను బస్సులో ఉన్నాను.

వస్తున్నానే రజితా, ఒక్కసారి చూసి పంపిస్తా.

నీ మీద చెయ్యి లేపేవాడు లేని చోట, నెమ్మదిగా నిద్రపో.