తలకిందుల నెర్రె

గుజరాత్ భూకంపం వచ్చిన మరుసటి ఏడు. అప్పటికి నేను భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. పెద్దమ్మ వాళ్ల మిరపచేను పక్కన వాగు గట్టు విరిగిపడి, నిలువెత్తున మట్టి పొరలు బయటపడ్డాయి. నల్లమట్టి పొరను నిలువునా చీల్చుకుంటూ తెల్లటి ఇసుక చారలు. ఎప్పుడో వచ్చిన భూకంపానికి అడుగున ఉన్న తడి ఇసుక నీళ్లలా కదిలి పైకి తన్నుకొచ్చిన గుర్తులవని నా నమ్మకం.

మా గైడు గారు ఫొటోలు చూసి నవ్వారు. ఎండాకాలం నల్లరేగడిలో నెర్రెలు పడతాయి, వాటిలోకి పైనుంచి ఇసుక రాలింది, అంతే అన్నారు. సోమవారం తానే వచ్చి చూస్తానని, అవి నెర్రెలే అయితే అంశం మార్చుకోవాల్సిందేనని తేల్చేశారు. రెండేళ్ల పని! నాకు ఒళ్లు మండింది. ఆ రాత్రే బస్సెక్కి పెద్దమ్మ వాళ్ల ఊరు చేరాను.

మర్నాడు ఆ గట్టు దగ్గర మొహం వేలాడేసుకుని కూర్చుంటే, కాయలు కోస్తున్న పెద్దమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంగతంతా చెప్పాను. ఆమె చారల వంక కాసేపు చూసింది.

"నెర్రె పైన నోరు తెరుచుకోని, కిందికి పోను పోను సన్నబడుద్ది గదే. ఇదేందీ, కింద లావు, పైన సన్నం? చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే" అంది.

నెర్రెల్లో కాలు ఇరుక్కుని ఏడ్చిన చిన్నతనం నాది. అయినా ఆయన నెర్రె అనగానే నాకూ నెర్రెలే కనిపించాయి. సిగ్గేసింది. ఆ వెంటనే సిగ్గును మించిన సంతోషం కలిగింది.

ఇక చార మొదలు ఎక్కడుందో చూపిస్తే చాలు. ఇద్దరం గడ్డపార, పార పట్టుకుని మూడు రోజులు గట్టు అడుగున తవ్వాం. ఆదివారం సాయంత్రం ఇసుక పొర తగిలింది. అదే తెలుపు, అదే గరుకు. చార అందులోంచే లేచింది.

సోమవారం గైడు గారు గుంటలోకి దిగారు. ఇస్త్రీ ప్యాంటుతోనే మోకాళ్ల మీద కూర్చుని, అడుగు పొర నుంచి చార కొసదాకా వేలితో తడుముతూ వెళ్లారు. కొస నల్లమట్టి లోపలే ఆగిపోయింది. పైనుంచి ఇసుక రాలడానికి దారే లేదు. చాలాసేపటికి లేచి, "నేనే పొరబడ్డానమ్మా. ఇది భూకంపమే" అన్నారు. ఆయన ముందే ఎగిరి గంతేశాను.

తీరా ఫొటో తీయబోతే, కొలత తెలియడానికి పక్కన పెట్టే సుత్తి ఇంట్లోనే మర్చిపోయానని తెలిసింది. చార పక్కన జాన చాపి పెట్టమని పెద్దమ్మను అడిగాను. సిద్ధాంతగ్రంథంలో ఆ ఫొటో కింద "కొలత: పెద్దమ్మ జాన" అని రాశాను. గైడు గారు అది కొట్టేసి "తొమ్మిది అంగుళాలు" అని దిద్దారు. నేను మళ్లీ రాశాను. ఈసారి ఆయన కొట్టేయలేదు.