ఎర్ర రిబ్బన్లు కట్టిన మిరప మొక్కలు

ఆ రోజుల్లో నాకున్నన్ని భయాలు బహుశా ఎవరికీ ఉండి ఉండవు. గుంటూరులో మిరప పరిశోధన ప్రాజెక్టులో కొత్తగా చేరాను. ఏడాది చివర ఫలితాలు చూపిస్తేనే ఉద్యోగం, లేకపోతే చీరాల వెళ్ళి మా నాన్న కొట్లో చీరలు మడతపెట్టుకోవాలి. (అదీ నాకు సరిగ్గా రాదు, ఆ బాధ వేరే.) మా పని బొబ్బర తెగులు మీద, అంటే మిరప ఆకుల్ని ముడిచేసే వైరస్ రోగం మీద. ఆకులు ముడుచుకుపోయిన మొక్కలో వానల్లో ఏ జన్యువులు పనిచేస్తున్నాయి, చలికి ఏవి ఆగిపోతున్నాయి, ఏ ప్రోటీన్లు పెరుగుతున్నాయి అని చూడాలి. అందుకని ప్రతి కాలంలోనూ అవే మొక్కల ఆకులు కోయాలి. కోసిన ఆకు వెంటనే ద్రవ నైట్రోజన్ క్యానులో పడి గడ్డకట్టకపోతే పనికిరాదు. ఆ పొగలు కక్కే క్యానును కాళ్ళ మధ్య పెట్టుకుని ఆటోలో కూర్చుంటే, గుంట వచ్చినప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చేది.

మేం ఎంచుకున్న చేను ప్రత్తిపాడు దగ్గర. చేను గలావిడ మొదటిరోజే వరస కలిపేసి నాకు పిన్ని అయిపోయింది. వానాకాలంలో తెగులు సోకిన మొక్కలకి ఎర్ర రిబ్బన్లు కట్టి, "పిన్నీ, ఇవి మా మొక్కలు, జాగ్రత్త" అని చెప్పి వచ్చాను. (అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.)

చలికాలంలో వెళ్ళేసరికి రిబ్బన్లు కట్టిన మొక్కలు నిగనిగలాడుతూ కాయల బరువుకి వంగి ఉన్నాయి. ముడత వెతికినా లేదు. చలికి ఏదో జన్యువు మేల్కొని వైరస్‌ను తరిమేసిందా? క్యానులో నైట్రోజన్ ఆవిరైపోతుందని ఒక భయం, ఈ సంగతి నాకంటే ముందు ఇంకెవరైనా కనిపెట్టేస్తారేమోనని ఇంకో భయం. ప్రాజెక్టు నడిపే మా మేడంకి ఫోన్ చేసి, "మేడం, రోగం తగ్గిపోయింది! అన్నిటికీ!" అని అరిచాను. ఎప్పుడూ నవ్వని ఆవిడ కూడా నవ్వేశారు. "దేన్నీ ముట్టుకోకు, బయల్దేరుతున్నా" అన్నారు.

గట్టు మీద కూర్చుని ఒక అరగంట సేపు చెమటలు తుడుచుకున్నాను. ఇంతలో పిన్ని మజ్జిగ తెచ్చింది.

"ఏం మందు కొట్టారు పిన్నీ?" అన్నాను.

"మందా, పాడా! నువ్వు కట్టిపోయినయ్యన్నీ బొబ్బర మొక్కలమ్మా. చదువుకున్న పిల్లవి, చూసుకోకుండా కట్టుకున్నావు. మీ మేడంగారు తిడతారేమోనని అయ్యి పీకి తగలబెట్టించి, మంచి మొక్కలు ఏరి నేనే కట్టించా." తర్వాత గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పన్లే" అంది.

నోట్లో మజ్జిగ నోట్లోనే ఉండిపోయింది. అప్పుడే మేడం కారు దిగి, చెప్పులు మట్టిలో కూరుకుపోతున్నా దాదాపు పరుగెత్తుకొస్తున్నారు. నేను నోరు తెరిచేలోపే పిన్ని అడ్డం వెళ్ళింది. "పిల్లనేమీ అనమాకండి మేడంగారూ, మొక్కలు బానే ఉన్నయ్!" ఇక దాచడానికి ఏముంది? జరిగిందంతా చెప్పేశాను. మేడం మొక్కల వంక చూసి, నా చేతిలో మజ్జిగ తీసుకుని గటగటా తాగేశారు. "వచ్చే వానలకి మళ్ళీ మొదలుపెడదాం. ఈసారి ఈవిడకి నేను చెబుతా."

"అప్పటికి నేనుంటానా మేడం?" అన్నాను.

"నువ్వు కాక ఆ క్యాను నేను మోస్తానా?"

ఇప్పుడు మేడం కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. చలికి ఏ జన్యువులు నెమ్మదిస్తాయో కొంత తెలిసింది. ఏం రాసినా 'కావచ్చు', 'అనిపిస్తోంది' అంటూ ఆచితూచి రాస్తున్నాను. ఏ ఫలితం వచ్చినా ఆ రోజు అరిచిన గొంతుతో మళ్ళీ ఎవరికీ ఫోన్ చేయలేదు. చేనుగట్టు మీద కూర్చుని, ఒక్క అరగంట సేపు మిరప రైతులందరి కష్టం తీర్చేసిన అప్పటి ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది.