మాస్టారి తొడ కండరం

వినుకొండలో ఇంటర్ బైపీసీ చదివే రోజుల్లో ఒకసారి మా జువాలజీ మాస్టారు నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచి, స్లయిడులో ఉన్నదేమిటని అడిగారు. అడ్డచారలు కనిపించాయి. "ఎముకలకుండే కండరం సార్" అన్నాను. అది గుండె కండరం. దానికీ చారలుంటాయి గానీ, పోగులు కొమ్మల్లా చీలి ఒకదానితో ఒకటి కలుస్తాయి. నేనది చూసుకోలేదు.

"మీ అమ్మతో పోయి మిరపకాయలు కోసుకోక నీకెందుకే ఈ చదువు?" అన్నారాయన. క్లాసంతా నవ్వింది.

ఇంట్లో చెప్పలేదు. కండరాల పాఠం మాత్రం అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టాను. ఎప్పటికైనా ఆయన్ని నేను ప్రశ్న అడగాలి.

పన్నెండేళ్ల తర్వాత, గుంటూరులో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేసే ఆసుపత్రికి ఆయనే వచ్చారు. మోకాలికి ఆపరేషన్ అయింది. చేతిలో వాకర్. తొడ కండరం చిక్కిపోయింది. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేను మాత్రం గొంతు వినగానే గుర్తుపట్టాను.

పడుకోబెట్టి కాలు ఎత్తమన్నాను. లేవలేదు.

"మాస్టారూ, కండరాలు ఎన్ని రకాలండీ?"

ఆయన ముఖం వెలిగింది. "మూడమ్మా. ఎముకలకు అంటుకున్నది, పేగుల్లాంటి వాటిలో ఉండే నునుపు కండరం, గుండె కండరం."

"మన మాట వినేది ఏదండీ?"

"ఎముకలదొక్కటే."

"మరి మీ తొడ మీ మాట వినట్లేదేంటండీ?"

గదిలో ఉన్న పేషెంట్లంతా నవ్వారు. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఇక రోజూ అంతే. వైద్యంలో లోటు చేయలేదు. పదిసార్లు ఎత్తాలంటే పదే ఎత్తించాను. కాకపోతే కాలు గాల్లో ఉండగా కండరం నిర్మాణం చెప్పమనేదాన్ని. కండరంలో కట్టలు, కట్టల్లో పోగులు, పోగుల్లో సన్నటి తంతువులు, వాటిలో ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్లు. ఆ రెండూ ఒకదాని పక్కనుంచి ఒకటి జారితేనే కండరం బిగుస్తుంది. ఆయన రొప్పుతూ చెప్పేవారు. తడబడితే అందరికీ వినపడేలా సరిదిద్దేదాన్ని.

మూడో వారం అడిగారు. "ఇంత బాగా నీకెవరు నేర్పారమ్మా?"

"మీరేనండి, వినుకొండలో. మిరపకాయలు కోసుకోమన్నారు."

నా ముఖంలోకి చూసి, "గుర్తులేదమ్మా" అన్నారు.

అబద్ధం కాదు, నిజంగానే గుర్తులేదు. నన్ను ఎక్కువ మండించింది అదే.

మర్నాడు వేరే థెరపిస్టు దగ్గరికి మార్పించుకున్నారు. నెల తిరిగేసరికి వాకర్ లేకుండా నడిచారు. ఒకరోజు నా బల్ల దగ్గర ఆగి ఏదో అనబోయారు. నేను ఫైల్లోంచి తలెత్తలేదు. ఆయన వెళ్లిపోయారు.

ఆ ఆదివారం ఊరెళ్లి మొదటిసారి అమ్మకు మొత్తం చెప్పాను. అమ్మ అంతా విని, "కాలెత్తేటప్పుడు బాగా నొప్పి పుట్టిందా ఆయనకి?" అంది.

"బాగా పుట్టిందమ్మా."

"మంచిదే," అని నాకు అన్నం వడ్డించింది.